పసుపు పెట్టిన ఆఖరి రాడ్డు

రెండువేల రెండో సంవత్సరం, ఎండాకాలం. వానలు మొహం చాటేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. మదనపల్లెలో బోరు బండ్లకున్న గిరాకీ పెళ్ళి బ్యాండుకు కూడా లేదు. తమిళనాడు తిరుచెంగోడు వైపు నుంచి వచ్చిన, బోరు వేసే రిగ్గు లారీ ఒకటి పని ముగించుకుని ఊళ్ళోకి వచ్చిందంటే, డ్రైవరు టీ తాగేలోపలే నలుగురు రైతులు చుట్టుముట్టి మా పల్లెకంటే మా పల్లెకని లాక్కునేవాళ్ళు. నేను అప్పటికి పదేళ్ళుగా అక్కడ భూగర్భ జలాల సర్వే చేస్తున్నాను. తేలిక మాటల్లో చెప్పాలంటే, బోరు ఎక్కడ వేయాలో చూపించడం నా వృత్తి.

ఈ పని గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. తిరుపతిలో జియాలజీ చదువుకుని వచ్చి, రెసిస్టివిటీ మీటరు అనే పెట్టె ఒకటి కొనుక్కుని, దాన్ని స్కూటరు వెనక కట్టుకుని పల్లెలు తిరిగేవాణ్ణి. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కొంచెం కరెంటు పంపి, లోపలి రాయి దాన్ని ఎంత అడ్డుకుంటోందో చూసే యంత్రమది. ఎండురాయి బాగా అడ్డుకుంటుంది, తడిరాయి తక్కువ అడ్డుకుంటుంది. ఆ లెక్క చూసి ఒకచోట గుర్తు పెడతాను. దాన్నే పాయింట్ అంటారు. నాకు పోటీగా అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగేవాళ్ళుండేవారు, వేపపుల్ల పట్టుకుని నడిచేవాళ్ళుండేవారు, ఓ పాజిటివ్ రక్తం ఉంటే చాలు కింద నీళ్ళు కనబడతాయనేవాళ్ళూ ఉండేవారు. నాది ఓ పాజిటివ్ అని తెలిశాక నా మీద నమ్మకం రెట్టింపైన రైతులున్నారు. డిగ్రీకి రాని మర్యాద రక్తానికి వచ్చిందని మా ఆవిడ నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల భూమి లోపల ఉండేది గట్టి గ్రానైటు. ఇసుకలో ఊరినట్టు ఆ రాయిలో నీళ్ళు ఊరవు. ఎక్కడైనా పగులు ఉంటే దాంట్లో ఉంటాయి. ఆ పగులునే బోరువాళ్ళు గ్యాప్ అంటారు. ఫలానా చోట గ్యాప్ ఉండవచ్చని నా మీటరు చెబుతుంది తప్ప, ఉందని చెప్పదు. ఈ ‘ఉండవచ్చు’కూ ‘ఉంది’కీ మధ్యనే మా వైపు రైతులు చాలామంది చితికిపోయారు.

వాళ్ళను ముంచింది ఎండిపోయిన బోరు కాదు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. రిగ్గు లారీ మీద ఇనుప రాడ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒకటి పూర్తిగా నేలలోకి దిగాక దానికి ఇంకొకటి బిగిస్తారు. దిగిన ప్రతి అడుగుకూ ఇంత అని డబ్బు. నీళ్ళు పడకపోతే రైతు నోట వచ్చే మొదటి మాట, “ఇంగొక్క రాడ్డు.” ఇంతదాకా వచ్చాం కదా, ఇంకొక్కటి వేస్తే పడతాయేమో, ఇక్కడ ఆపితే ఇప్పటిదాకా పెట్టిందంతా వృథా కదా అని లోపల పోరు మొదలవుతుంది. కుప్పం దగ్గర ఒక రైతు అలా లారీ మీద రాడ్లన్నీ అయిపోయేదాకా వేయించాడు. డ్రిల్లరు ఖాళీ అయిపోయిన ర్యాకు చూపిస్తే తప్ప ఆగలేదు. ఆ తర్వాత ఆ చేను పరాయివాళ్ళదైంది. ఆయన బెంగళూరులో ఏదో బిల్డింగు దగ్గర కాపలాకు కుదిరాడు. నా సర్వీసులో ఇలాంటివి ఒకటి కాదు, రెండు కాదు. చూసి చూసి నాకు ఈ పని మీదే విరక్తి పుడుతున్న రోజుల్లో రెడ్డెమ్మ నా దగ్గరకు వచ్చింది.

ఆమెది పెద్దమండ్యం అవతల ఒక పల్లె. యాభై ఏళ్ళు ఉంటాయి. భర్త పోయి నాలుగేళ్ళయింది, ఉన్న ఒక్క కూతురికీ పెళ్ళి చేసింది. ఇంటి వెనక మల్బరీ తోట, దాని పక్కన పట్టుపురుగుల షెడ్డు. తోటలో ఆకు ఉంటేనే షెడ్డులో పురుగులు తినేది, అవి తింటేనే గూళ్ళు కట్టేది, ఆ గూళ్ళు మార్కెట్టుకు పోతేనే ఆమె ఇల్లు గడిచేది. తోటకు నీళ్ళిచ్చే పాత బోరు ఆ వేసవిలో ఆగి ఆగి పోసి చివరికి గాలి మాత్రమే ఊదింది. మల్బరీ ఆకు అంచులు మాడిపోతున్నాయి. నేను వెళ్ళిన రోజు ఆమె షెడ్డులో పురుగులకు ఆకు వేస్తూ ఉంది. వేల పురుగులు ఒకేసారి ఆకు నమిలే చప్పుడు చిన్న జల్లు పడుతున్నట్టు వినబడుతోంది.

సాయంత్రం దాకా చేనంతా కడ్డీలు దిగ్గొట్టి చూశాను. ఆమె మరిది గంగులప్ప చేను గట్టుకు కొంచెం ఇవతల ఒకచోట రీడింగు బాగా తగ్గింది. అక్కడ గుర్తు పెట్టాను.

“నీళ్ళు పడతాయా సారూ?” అని అడిగింది.

“పడచ్చమ్మా, పడకపోనూవచ్చు. మీ చేలో నేను చూసిన చోట్లల్లో ఇదే మేలు. అంతవరకే చెప్పగలను.”

ఈ జవాబు విని మొహం మాడ్చుకునేవాళ్ళే ఎక్కువ. ఆమె మాత్రం తల ఊపింది.

“ఉండేది ఉన్నట్ల సెప్పినావు, మంచిది. అయితే ఇంగో మాట సారూ. బోరు ఏసే పొద్దు నువ్వు కూడా రావల్ల.”

మామూలుగా పాయింట్ చూపించడంతో నా పని అయిపోతుంది. “నేనెందుకమ్మా?” అన్నాను.

“యాడ నిలపాలో ముందే అనుకోని ఉండా. ఎద్దుల జత అమ్మినా. దాంట్లో ఎన్నడుగులు దిగుతాదో అన్నే. దాని మీద ఒక్కడుగు పోవాలన్నా భూమి తాకట్టు పెట్టల్ల. నీళ్ళ కోసరం భూమిని పెడితే, ఆనక ఆ నీళ్ళు యాడ పారిచ్చేది సారూ?” అని నవ్వింది. మళ్ళీ తనే, “నీళ్ళు పడేది, పడకపోయేది మన సేతిలో లేదు. యాడ నిలపాల అనేది మాత్రం మన సేతిలోనే ఉండాది. కానీ ఆ పొద్దు అందురూ సుట్టూ సేరి అరుస్తాంటే నా మనసు నా మాట ఇనదు. నా మాట ఇనే మనిషి ఒకరు కావల్ల” అంది.

పదేళ్ళలో నన్ను నీళ్ళ కోసం పిలిచినవాళ్ళే కాని, ఆపడం కోసం పిలిచినవాళ్ళు లేరు. వస్తానని మాట ఇచ్చాను.

రిగ్గు దొరకడానికి మరో పదిహేను రోజులు పట్టింది. వచ్చిన రోజు పొద్దున్నే ఊరు సగం అక్కడే ఉంది. మా వైపు బోరు వేయడమంటే చిన్న పండగ. పాయింట్ దగ్గర టెంకాయ కొడతారు, కర్పూరం వెలిగిస్తారు, లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, నేలలోకి దిగబోయే మొదటి రాడ్డుకు పసుపు కుంకుమ పెడతారు. చెప్పులేసుకుని ఎవరైనా దగ్గరికొస్తే పెద్దవాళ్ళు కేకలేస్తారు. రెడ్డెమ్మ ఇవన్నీ పద్ధతిగా చేసింది. అయ్యాక పసుపు గిన్నె పట్టుకుని లారీ దగ్గరకు వెళ్ళింది. తను అనుకున్న లోతుకు ఎన్నో రాడ్డు ఆఖరుదవుతుందో డ్రిల్లర్‌ను అడిగి, ర్యాకులో ఉన్న ఆ రాడ్డుకు కూడా నిండా పసుపు పూసి బొట్టు పెట్టింది.

డ్రిల్లరు సెల్వం అనే తమిళాయన. తెలుగు సగం సగం వచ్చు. “ఏమ్మా, పూజ మొదటి రాడ్డుకే దా సేస్తారు. దీనికి ఎందుకు?” అని నవ్వాడు.

“ఇది ఆఖరుదప్పా. ఇది దిగినాక దాని ఎనకాల ఉండేవి నావి కాదు. నువ్వు తీస్తానన్నా నేను తియ్యనియ్యను” అంది.

అందరూ నవ్వారు. గంగులప్ప మాత్రం మొహం చిట్లించి, “పూజ రోజు ఆఖరు మాటలేల వదినా” అన్నాడు. ఆమె పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది.

కంప్రెసరు మొదలైంది. గాలి ఒత్తిడితో కింద హ్యామర్ రాయిని కొడుతూ పోతుంటే, నలిగిన రాయి దుమ్మై పైకి చిమ్ముతుంది. నీళ్ళు తగిలితే ఆ దుమ్ము చప్పున ఆగి బురద ఎగురుతుంది. అందుకే బోరు దగ్గర ఎవరూ మిషన్ వైపు చూడరు, దుమ్ము వైపే చూస్తారు. పైమట్టి కూలకుండా కేసింగ్ పైపు దించాక, రాయి మొదలైంది. తెల్లటి దుమ్ము కానుగ చెట్టు కింద కూర్చున్నవాళ్ళందరి మీదా పిండిలా పడింది. రాడ్డు తర్వాత రాడ్డు దిగుతోంది. దుమ్ము తెల్లగా, పొడిగా, ఏ మార్పూ లేకుండా వస్తోంది. నేను ప్రతి రాడ్డుకూ పిడికెడు రాతిపొడి తీసి చూస్తున్నాను. మధ్యాహ్నానికి కబుర్లు తగ్గాయి. రెడ్డెమ్మ మధ్య మధ్యలో షెడ్డులోకి వెళ్ళి పురుగులకు ఆకు వేసి వస్తోంది. ఆకు ఎంత తక్కువ ఉందో నాకు కనబడుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా పసుపు పూసిన రాడ్డు ర్యాకులోంచి లేచింది. అప్పటిదాకా నవ్వులాటగా చూసినవాళ్ళు ఎవరూ ఇప్పుడు నవ్వలేదు.

ఆ రాడ్డు ముప్పాతిక వంతు దిగాక దుమ్ము రంగు మారింది. తెల్లగా వస్తున్నది గోధుమరంగులోకి తిరిగింది. నేను పరుగెత్తి పొడి చేతిలోకి తీసుకున్నాను. తుప్పు రంగు ముక్కలు. పిడికిలి బిగిస్తే కొంచెం ముద్ద కట్టింది. నీళ్ళు పారిన పగుళ్ళ దగ్గరే రాయికి ఆ తుప్పు రంగు వస్తుంది. ఆ నీళ్ళు ఇప్పుడున్నాయా, ఎప్పుడో పారి ఎండిపోయాయా అన్నది మాత్రం ఆ ముక్కలు చెప్పవు.

రాడ్డు పూర్తిగా దిగింది. సెల్వం మిషన్ తగ్గించి మా వైపు చూశాడు. అతని మనిషి అప్పుడే తర్వాతి రాడ్డు మీద చేయి వేసి ఉన్నాడు.

“చెమ్మ ఉండాది! చెమ్మ ఉండాది!” అని గంగులప్ప అరిచాడు. ఆ మాట నోటి నుంచి నోటికి పాకి గోల మొదలైంది. వేయించమని ఒకరు, అమ్మవారు పలికిందని ఒకరు. గంగులప్ప తన వదిన ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“వదినా, ఇంగ రెండే రెండు రాడ్లు. నీ కాళ్ళు మొక్కుతా. నువ్వేమీ ఇయ్యాకు, నా గొడ్లను అమ్మి నేనిస్తా.”

“నీ బిడ్డల నోట్లో పాలు తీసి నాకు నీళ్ళు యాలప్పా?” అని ఆమె నా వైపు తిరిగింది. “సారూ, నువ్వు సెప్పు. ఉండాయా?”

నా లోపల ఉన్న జియాలజిస్టు ఉన్నాయనే అనాలనుకున్నాడు. నా పాయింట్‌లో నీళ్ళు పడాలని నాకు మాత్రం ఉండదా? “గ్యాప్ దగ్గర్లోనే ఉండచ్చమ్మా. రెండు రాడ్లు వేస్తే తెలిసిపోతుంది. నాకైతే వేసి చూడాలనే ఉంది” అన్నాను.

“నీకు ఉండేది నాకూ ఉండాది. ఉండాయని గెట్టిగా సెప్పగలవా?”

“చెప్పలేనమ్మా.”

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, “అయితే ముందు అనుకున్నిందే. నిలపమను సారూ” అంది.

గంగులప్ప నా చేయి పట్టుకున్నాడు. “సారూ, ఆడమనిషి బయపడి అంటాంది, నువ్వు సెప్పు” అని బతిమాలాడు. నేను అతని చేయి విడిపించుకుని, సెల్వానికి కనబడేలా రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాను. కంప్రెసరు ఆగిపోయింది. పొద్దున్నుంచీ చెవులు చిల్లులు పడే హోరు ఒక్కసారిగా పోయేసరికి అక్కడున్న అందరికీ ఏం చేయాలో తోచలేదు. గంగులప్ప తలపాగా విసిరికొట్టి తన చేను వైపు వెళ్ళిపోయాడు.

రెడ్డెమ్మ పాయింట్ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది. దాచుకోలేదు, ఎవరి వైపూ తిరగలేదు. మేమందరం ఎటో చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ముక్కు చీది, లేచి, మొదట అడిగిన మాట, “దీనికి మూత యాడుండాది?” అని. పొద్దున్నే తెప్పించిన బండ ఒకటి షెడ్డు గోడకు ఆనించి ఉంది. నీళ్ళు పడని బోరును అలాగే నోరు తెరిచి వదిలేసి పోవడం, ఎప్పుడో ఒకప్పుడు మేకపిల్లో పసిబిడ్డో అందులో పడిపోవడం మా వైపు జరిగేదే. ఆమె సెల్వం మనుషుల చేత ఆ బండ తోయించి, చుట్టూ మట్టి కప్పించి, కాలితో తొక్కి చూసుకుంది.

తర్వాత జరిగింది నేను ముందెప్పుడూ చూడనిది. బోరు రోజు వంట చేస్తారు. నీళ్ళు పడితే కోడి కోసి ఊరంతా తింటారు. పడకపోతే ఆ వంట ఎవరూ ముట్టరు. రిగ్గువాళ్ళు చావింటి నుంచి వెళ్ళినట్టు తల వంచుకుని లారీ ఎక్కి పోతారు, రైతు కూడా ఉండమనడు. సెల్వం అలాగే పైపులు సర్దుకుంటున్నాడు. రెడ్డెమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది. ఊరి చివర బావి నుంచి నెత్తిన మోసుకొచ్చిన నీళ్ళు అవి.

“రాండప్పా, సేతులు కడుక్కోండి. సంగటి ఆరిపోతాది.”

“ఒద్దమ్మా,” అన్నాడు సెల్వం, తల ఎత్తకుండా. “నీల్లు పడలేదు. నేను ఎట్ల తినేది?”

“నీళ్ళు పడితేనే కూడు పెడతానని నీకెవురు సెప్పినారు? పొద్దున్నించి దుమ్ము మింగినావు. పని సేసినావు. వచ్చి తిను.”

మేమందరం కానుగ చెట్టు కింద కూర్చున్నాం. వేడి రాగిసంగటి, కోడికూర, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. నేను కలిపిన ముద్దనే మళ్ళీ కలుపుతూ కూర్చున్నాను. ఆమె వచ్చి నా ఆకులో ఇంకొంచెం పులుసు వంచి, “తిను సారూ, కూర బాగలేదా?” అంది. కూర చాలా బాగుంది. సెల్వం రెండోసారి సంగటి అడిగి మరీ పెట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె కాళ్ళకు మొక్కబోతే ఆమె గదమాయించింది.

మదనపల్లెకు తిరిగి వస్తూ దారిపొడుగునా ఆ రెండు రాడ్ల గురించే ఆలోచించాను. ఆమె మాత్రం వాటి గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా పనులు చూసుకుందని తర్వాత తెలిసింది. షెడ్డులో ఉన్న పురుగులకు వాల్మీకిపురం వైపు ఎవరి తోటలోనో ఆకు కొనుక్కొచ్చి గూళ్ళు కట్టించింది. ఆ పంట మార్కెట్టుకు పంపాక మల్బరీని వదిలేసింది. షెడ్డు కడిగి అందులో గొర్రెలు కట్టింది. చేలో వాన పడినప్పుడు ఉలవలు, అనపలు చల్లింది.

అప్పట్లో మా వీధిలో రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్ ఒకాయన ఉండేవారు. సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు రెడ్డెమ్మ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, పూర్వం గ్రీసులో, రోములో స్టోయిక్కులని ఒక తెగ తాత్వికులుండేవారనీ, వాళ్ళు చెప్పింది ఇదేననీ అన్నారు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ముందే విడదీసుకోవాలట. చేతిలో లేనిదాన్ని విధి ఎలా ఇస్తే అలా పుచ్చుకోవాలట. చేతిలో ఉన్నదాన్ని మాత్రం విధికి వదలకూడదట. “చాలామంది మొదటి సగం పట్టుకుని చేతులు ముడుచుకుంటారు. మీ రెడ్డెమ్మ రెండో సగం కూడా పట్టుకుంది” అన్నారాయన. “మరి ఆమె ఏడ్చింది కదండీ?” అంటే, “ఏడిస్తే ఏం? ఏడ్చాక బండ మూయించిందిగా” అన్నారు.

నేను పెద్ద తాత్వికుణ్ణేమీ కాదు. కాని ఆ రోజు నుంచి దాన్ని నా మట్టుకు నేను సాధన చేస్తున్నాను. స్కూటరు పంక్చరైతే, బస్సు తప్పిపోతే, చూపించిన పాయింట్ ఎండిపోతే, ఇందులో నాది ఎంత అని నన్ను నేను ఒక్కసారి అడుగుతాను. కడ్డీలు సరిగ్గా దిగ్గొట్టడం నాది, రీడింగు రెండుసార్లు చూడడం నాది, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాది. నీళ్ళు నావి కావు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే కూడా ఇదే ధోరణిలో ఏదో అనబోయాను. “స్టవ్ కట్టేయడం తమరి చేతిలోదే, విధిది కాదు” అని మా ఆవిడ గరిటె చూపించింది. ఆమెకు ఈ సిద్ధాంతం నాకంటే బాగా అర్థమైంది. పనిలో కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాయింట్ గుర్తు పెట్టిన రోజే, బండి రాకముందే, ఎక్కడ ఆపుతారని రైతును అడుగుతాను. కొందరు అపశకునమని తిట్టారు. కొందరు లోతు చెప్పి, ఆ రోజు నన్ను రమ్మన్నారు. వాళ్ళలో నీళ్ళు పడనివాళ్ళు కూడా చేలు నిలబెట్టుకున్నారు.

మూడేళ్ళ తర్వాత ఒక వార్త తెలిసింది. గంగులప్ప తన చేలో, రెడ్డెమ్మ గట్టుకు ఆనుకునే బోరు వేయించాడట. ఆమె ఆపిన లోతుకు ఇంకాస్త కిందకు పోయాక గ్యాప్ తగిలి నీళ్ళు ఎగజిమ్మాయట. చెప్పినతను సంబరంగా చెబుతుంటే నా మనసు మాత్రం ఆ రెండు రాడ్ల దగ్గరికే పోయింది. రాతి పగుళ్ళు ఏటవాలుగా పోతాయి, పక్క చేలో తగిలింది ఈ చేలో అదే లోతున తగలాలని లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా మనసు వినలేదు. ఆమె ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియక ఆ దిక్కు పనులొస్తే వేరేవాళ్ళకు అప్పగించాను.

మరుసటి ఏడు, రెండువేల ఆరులో, పుంగనూరు బస్టాండులో నిలబడి ఉంటే వెనక నుంచి “సారూ!” అని కేక. రెడ్డెమ్మ. సోమలలో ఉన్న కూతురింటికి పోతోంది, చేతిలో సంచీ. నన్ను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. పక్క హోటల్లో టీ ఇప్పించాను. గొర్రెల సంగతి, మనవడి సంగతి చెప్పింది. ఇక నాకే ఉండబట్టలేక అడిగేశాను.

“అమ్మా, గంగులప్పకు నీళ్ళు పడినాయంట కదా.”

“పడినాయి సారూ. మంచి నీళ్ళు. టమోటా పెట్టినాడు. నా గొర్రెలకు తొట్టి కట్టించి ఆయప్పే నీళ్ళిడుస్తాడు.”

“ఆ పొద్దు ఇంకో రెండు రాడ్లు వేసింటే...” అని ఆగిపోయాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. “నీళ్ళు పడినాయని కేకలేస్తాంటే నాకూ బాధయినాది. లేదని అబద్ధం సెప్పేదేల? ఆ పూట కూడు తినలేదు. మళ్ళ కూసోని ఆలోసన సేసినా. ఆ పొద్దు నాకు తెలిసింది ఎంత? సెమ్మ ఉండాదని తెలుసు, నీళ్ళుండాయని తెలీదు. తెలిసినకాడికి సేసినా. ఇప్పుడు తెలిసినదాన్ని తీసకపోయి ఆ పొద్దు నెత్తిన పెడితే ఎట్ల సారూ? పడకపోయింటే గంగులప్ప గొడ్లు పోయిండేవి, నా చేను పోయిండేది. ఇప్పుడు ఆయప్పకు నీళ్ళుండాయి, నాకు చేనుండాది. సాలు.”

నాలుగేళ్ళుగా నేను మోస్తున్న ఆ రెండు రాడ్లను ఆమె ఎప్పుడో దించేసుకుంది.

“నిన్ను సూడాలనే అనుకుంటాండా” అని ఆమే మళ్ళీ మొదలుపెట్టింది. “మా వియ్యంకుడు సోమల కాడ బోరు ఏయాలంటాండాడు. నిన్నే పిలుసుకోమని సెప్పినా.”

“నేను చూపించిన పాయింట్‌లో నీకు నీళ్ళు పడలేదు కదమ్మా!”

“అదీ సెప్పినా. దాసేదేముండాది? పాయింటు సూపించేవాళ్ళు శానామంది ఉండారు, నిలపమంటే నిలిపే మనిషి ఈయప్ప ఒక్కడే అని సెప్పినా.”

సోమల బస్సు వచ్చింది. ఆమె సంచీ అందుకుని, వియ్యంకుడి ఊరి పేరు రెండుసార్లు చెప్పి, మరిచిపోవద్దని హెచ్చరించి ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరకబుచ్చుకుని చేయి ఊపింది. నేను అంతమందిలో నిలబడి ఆమెకు రెండు చేతులెత్తి మొక్కాను. నీళ్ళు పడ్డ బోర్ల దగ్గర నాకు దండలు వేసినవాళ్ళున్నారు, కొత్త బట్టలు పెట్టినవాళ్ళున్నారు. ఆ నీళ్ళు నావి కావు, ఆ దండలూ నావి కావు. ఆ సాయంత్రం ఎండురాయి దగ్గర నిలబడి నేను చేతులు అడ్డంగా ఊపిన ఆ ఒక్క పని మాత్రం నాది. దాన్నే గుర్తుపెట్టుకుని, నన్ను నమ్మి మళ్ళీ పని ఇచ్చిన మనిషి రెడ్డెమ్మ.